మా తమ్ముడి లిస్టు

నిరుడు ఏప్రిల్‌లో డల్లాస్ దగ్గర ఉండే మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ షీటు పంపించాడు. రౌండ్ల వారీగా పేర్లు, ఒక్కో పేరు పక్కన ఎత్తు, బరువు, చదివిన యూనివర్సిటీ, చివర "ఎందుకు" అని ఒక గడి. వెంటనే ఒక వాయిస్ మెసేజ్: "మామా, ఇది నా మాక్ డ్రాఫ్ట్. నువ్వు కబడ్డీకి రాస్తవు సూడు, గసొంటిదే."

వాడు డల్లాస్ కౌబాయ్స్ అభిమాని. అక్కడి ఫుట్‌బాల్‌లో, అంటే చేత్తో పట్టుకుని పరుగెత్తే ఫుట్‌బాల్‌లో, కొత్త ఆటగాళ్లను వేలం వెయ్యరు. వంతులు వేసుకుంటారు. ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లు, ఏడు రౌండ్లు. కిందటేడు అందరికంటే అధ్వాన్నంగా ఆడిన జట్టుకు మొదటి వంతు, గెలిచిన జట్టుకు చివరి వంతు. ఓడినవాడికి ముందు విస్తరి వేసే పద్ధతి అన్నమాట. ఆ రోజు రాకముందే అభిమానులు తమ జట్టు ఎవరిని తీసుకోవాలో సొంతంగా లిస్టు రాసుకుంటారు. దానికి జీతం లేదు, ఎవరూ అడగరు, జట్టువాళ్లు చదవరు. అయినా లక్షల మంది రాస్తారు.

మా వాడి లిస్టులో మొదటి పేరు బంతి అందుకుని ఉరికే కుర్రాడిది. తీరా ఆ రోజు కౌబాయ్స్ తమ పన్నెండో వంతులో టైలర్ బుకర్ అనే అబ్బాయిని తీసుకున్నారు. అతను గార్డు. సాధారణంగా బంతి ముట్టడు. బంతి పట్టుకున్నవాడి మీదికి ఎవరూ రాకుండా అడ్డం నిలబడి నెట్టడమే అతని పని. మా వాడికి చాలా కష్టమైంది. "మొదటి పిక్కు తీసుకపోయి గోడకు పెట్టిండ్రు మామా" అన్నాడు.

నేను నవ్వాను. నెలన్నర తిరగకముందే అదే సంగతి నా దాకా వస్తుందని అప్పటికి తెలియదు.

*

గసొంటిదే అని వాడన్నది నిజం. మా ఇంట్లో బీరువా పైన నల్ల అట్ట లాంగ్ నోట్‌బుక్ ఒకటుంది. ప్రో కబడ్డీ మొదలైన 2014 నుంచి వేలం జరిగిన ప్రతిసారీ అందులో తెలుగు టైటాన్స్‌కి నా ప్లాను ఉంటుంది. ఎవరిని ఎంతలో కొనాలి, ఎవరిని వదలాలి, ఎవరి కోసం ఎక్కడిదాకా పాడాలి. నేను మహబూబాబాద్‌లో, మా వాడుకలో మానుకోటలో, జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. పిల్లలకు పరిమిత వనరులు, అపరిమిత కోరికలు అని ప్రతి ఏడూ మొదటి పాఠం చెప్పేవాడికి ఈ వేలం కంటే మంచి ఆట దొరకదు.

తెలియనివాళ్లకు రెండు మాటలు. పన్నెండు జట్లు. ఒక్కో జట్టుకు ఐదు కోట్లు, మొదట్లో ఇంకా తక్కువ ఉండేది. అందులో పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు మందిని సర్దుకోవాలి. ఆటగాళ్లు నాలుగు తరగతులు. ఏ తరగతికి పాట ముప్పై లక్షల దగ్గర మొదలవుతుంది, బీకి ఇరవై, సీకి పదమూడు, డీకి తొమ్మిది. కిందటేడు మన దగ్గర ఆడినవాణ్ణి ఇంకొకరు పాడుకుంటే, అదే ధర మనం కట్టి వెనక్కి తెచ్చుకునే వీలు ఒకటుంది. దాన్ని ఫైనల్ బిడ్ మ్యాచ్ అంటారు.

మా దిక్కు మనుషులకు పాట కొత్త కాదు. నెలనెలా చీటీ పాట. మార్కెట్ యార్డులో మిర్చికి జెండా పాట. యార్డులో ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన రాశి దగ్గర జెండా పాతి మొదటి పాట పాడతారు. ఆ ధరే మర్నాడు పేపర్లో వస్తుంది. మిగతా బస్తాలన్నీ దానికి దిగువనే అమ్ముడుపోతాయి. పేపర్లో ధర చూసి బస్తాలు వేసుకొచ్చిన రైతు సాయంత్రం ఏం మొహంతో తిరిగి పోతాడో మానుకోటలో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు.

నా ప్లాను ఎప్పుడూ జెండా పాటతోనే మొదలయ్యేది. ముందు ఒక పెద్ద రైడర్. మిగిలిన డబ్బులో తక్కినవాళ్లు.

ఈ నోట్‌బుక్‌కి ఒక ప్రత్యర్థి ఉన్నాడు. మా తమ్ముడు. భూపాలపల్లిలో ఓపెన్‌కాస్ట్ గనిలో ఓబీ టిప్పర్ నడుపుతాడు. బొగ్గు పైన ఉండే మట్టిని, రాయిని తీసుకుపోయి గుట్టగా పోసే పని. వాడి ప్లాను నోట్‌బుక్‌లో ఉండదు. ట్రిప్ షీటు వెనక బాల్‌పెన్నుతో రాసి ఫోటో తీసి పంపిస్తాడు. మా ఊరు జనగామ పక్కన. 2016 అక్టోబరు దాకా ఈ మూడూ వరంగల్ జిల్లానే. ఇప్పుడు మూడు జిల్లాలు. మేమిద్దరం వేరు పడింది అంతకు చాలా ముందే.

*

మా చిన్నప్పుడు కబడ్డీ అని అనేవాళ్లు కాదు, చెడుగుడు. కోతలైన మడిలో గీతలు గీసుకుని ఆడేవాళ్లం. రైడుకు కూత అని పేరు. కూతకు పోయి దొరికితే "సచ్చిండు". సచ్చినవాడు గీత బయట కూర్చోవాలి. మనవాళ్లు అవతలి వాణ్ణి ఒకణ్ణి పట్టుకుంటే, లేదా ముట్టి వస్తే, బయట కూర్చున్నవాడు "బతికిండు". లోపలికి వస్తాడు. ఇప్పుడు టీవీలో మ్యాట్ మీద ఆడే ఆటకూ ఇదే ప్రాణం. పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, ముప్పై సెకన్ల కూత, బోనస్ గీత, సూపర్ టాకిల్ అని ఎన్ని వచ్చినా సచ్చుడు, బతుకుడు మారలేదు.

నేను కూతకు పోయేవాణ్ణి. గొప్ప ఆటగాణ్ణి కాదు, గొంతు పెద్దది. తమ్ముడు ఎడమ మూలన నిలబడేవాడు. కార్నర్. కూతకు వచ్చినవాడు బోనస్ గీత మీద కాలు ఎత్తినప్పుడు, రెండో కాలి మీద బరువు పడే క్షణం ఒకటుంటుంది. వాడు ఆ క్షణం కోసం చూసేవాడు. ముందుకు దూకి చీలమండ పట్టాడంటే ఇక వదలడు. మోకాళ్లు చెక్కుకుపోయేవి. మా అమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి పూస్తూ తిట్టేది. చుట్టుపక్కల ఊళ్ల పోటీలకు పోతే అవతలివాళ్లు తమలో తాము "ఎడమ దిక్కు పోకుండ్రి" అనుకోవడం నేను చెవులారా విన్నాను.

పేరు మాత్రం కూతకు పోయేవాళ్లకే వచ్చేది. చప్పట్లు వాళ్లకే. పట్టేవాణ్ణి చూడాలంటే ఆట తెలిసి ఉండాలి.

*

టైటాన్స్ చరిత్ర నా నోట్‌బుక్‌లో ఇలా ఉంటుంది.

మొదటి ఆరు సీజన్లు రాహుల్ చౌదరి. ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ పిల్లవాడు. మా కాలేజీలో పిల్లలు వాడిలాగే తొడ కొట్టేవాళ్లు. 2015లో మూడో స్థానం. 2016లో నాలుగో సీజన్‌లో సెమీఫైనల్. ఆ తర్వాత పేజీలన్నీ కొట్టివేతలే. 2018లో రాహుల్‌ని కోటీ 29 లక్షలకు వెనక్కి తెచ్చుకున్నారు. నా ప్లానులో కూడా అతనే మొదటి పేరు. లాభం లేకపోయింది. 2019లో రాహుల్ తమిళ్ తలైవాస్‌కి వెళ్లాడు, కొల్హాపూర్ దిక్కు సిద్ధార్థ్ దేశాయ్ కోటీ 45 లక్షలకు వచ్చాడు. ఆ వేలంలో అదే జెండా పాట. నేను నోట్‌బుక్‌లో మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టాను. తమ్ముడు పంపిన చీటీలో మాత్రం పైన రెండు పేర్లూ కార్నర్లవే.

"నీకు కార్నర్ తప్ప ఇంకోటి కండ్లకు కనవడదారా?" అని అడిగాను.

"నీకు కూత తప్ప ఇంకోటి ఇనవడదా అన్నా?" అన్నాడు.

ఇక ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు. మూడు సీజన్లలో 66 మ్యాచులు. గెలిచినవి ఒకటి, రెండు, రెండు. మొత్తం ఐదు. అభిమానం అనే మాటకు అర్థం ఆ మూడేళ్లలోనే తెలిసింది. కాలేజీ స్టాఫ్‌రూములో క్రికెట్ వాళ్లు "సార్, ఇయ్యాల మీ టైటాన్స్ ఎంత తేడాతో?" అని అడిగేవాళ్లు. ఓడారా అని అడిగేవాళ్లు కాదు.

2023 అక్టోబరులో ముంబైలో జరిగిన వేలం రాత్రి నేను పడుకోలేదు. పవన్ సెహ్రావత్‌ను టైటాన్స్ రెండు కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకున్నారు. అప్పటిదాకా ప్రో కబడ్డీలో ఎవరికీ అంత ధర రాలేదు. ఐదు కోట్లలో సగం కంటే ఎక్కువ ఒక్క మనిషికి. నా ప్లానూ అదే. రెండున్నర కోట్ల దాకా పాడమని రాశాను, వాళ్లు ఇంకో పది లక్షలు ఎక్కువే పెట్టారు. జీవితంలో మొదటిసారి నా మాట ఎవరో విన్నట్టు అనిపించింది.

పవన్ ఏం తక్కువ చెయ్యలేదు. ఆ సీజన్‌లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు గెలిచింది రెండు మ్యాచులు. ఎట్లా అంటే, పవన్ సచ్చి బయట కూర్చునేవాడు. లోపల ఉన్నవాళ్లు పట్టలేకపోయేవాళ్లు. పట్టలేకపోతే అతను బతకడు. నిమిషాలు గడిచేవి. కెమెరా మాటిమాటికీ బయట కూర్చున్న అతని ముఖం చూపించేది. అది చూసి నేను రైడర్ను తిట్టుకునేవాణ్ణి కాదు, పట్టనివాళ్లను తిట్టుకునేవాణ్ణి. వాళ్ల కోసం నా ప్లానులో ఎంత మిగిల్చానో గుర్తుకొచ్చేది కాదు.

*

2025 వేలం మే 31న, జూన్ 1న. అంతకుముందు సీజన్‌లో జట్టు కొంచెం తేరుకుంది. కృష్ణ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు, 22లో 12 గెలిచారు, ఏడో స్థానం. గాయంతో పవన్ బయట ఉన్న రోజుల్లో విజయ్ మలిక్ జట్టును మోశాడు. అతన్ని కొన్నది ఇరవై లక్షలకు. నేను మాత్రం పాత అలవాటు ప్రకారం మొదటి వరుసలో "పవన్, కోటీ పాతిక దాకా" అని రాశాను. తమ్ముడి ట్రిప్ షీటులో పవన్ పేరే లేదు.

వేలంలో పవన్‌ను తమిళ్ తలైవాస్ 59 లక్షల 50 వేలకు పాడుకున్నారు. అదే ధర కట్టి వెనక్కి తెచ్చుకునే వీలు టైటాన్స్‌కి ఉంది. తెచ్చుకోలేదు. నాకు మేనల్లుడి గోడ గుర్తుకొచ్చింది. రాత్రి పదింటికి తమ్ముడికి ఫోన్ చేశాను.

"పవన్‌ను ఇడిసిపెట్టిండ్రురా."

"మంచిగ జేసిండ్రు."

"అరవై లక్షలకు పోయిండు. సగం ధరకు. గింత అగ్గువకు దొరికితే తీసుకోకపోవుడేంది?"

వాడు కాసేపు ఊరుకున్నాడు. సెకండ్ షిఫ్టు దిగి వచ్చి అప్పుడే అన్నం తింటున్నట్టున్నాడు, గిన్నె చప్పుడు వినిపించింది.

"అన్నా, ఒకటి చెప్పు. రెండు కోట్ల అరవై లక్షలు పెట్టి తెచ్చినోడు సచ్చి బయట కూసుంటే, వాణ్ణి మల్ల లోపలికి తెచ్చేదెవ్వలు?"

"పట్టేటోళ్లు."

"ఆ పట్టేటోళ్లకు నీ బుక్కుల ఎంత రాసినవు?"

నోట్‌బుక్ నా ఒళ్లోనే ఉంది. చదివాను. తొమ్మిది లక్షలు. తొమ్మిది. పదమూడు. తొమ్మిది.

"బాపు గూడ గదే లెక్క రాసిండు తియ్యి" అన్నాడు. నవ్వాడు. "సరె, పండుకో. పొద్దున కాలేజి ఉంటది నీకు."

అది వేసవి సెలవుల్లో చివరి రోజు. మర్నాడు నిజంగానే కాలేజీ ఉంది. వాడికి నా పని దినాలు నాకంటే బాగా గుర్తుంటాయి.

*

మా బాపుకు మూడెకరాల చెలక. జనగామ దిక్కు నేలల సంగతి తెలిసిందే, వాన మీద ఆధారం, బోరు వేస్తే నీళ్లకంటే దుమ్ము ముందు వస్తుంది. పత్తి, కందులు, జొన్న. 1997లో నేను హైదరాబాద్‌లో ఎమ్మే చదువుకు పోతానంటే ఎకరంన్నర అమ్మాడు. ఎకరం ముప్పై వేలు. మొత్తం నలభై అయిదు వేలు, రెండేళ్ల హాస్టలుకు, పుస్తకాలకు, ఆ తర్వాత కోచింగుకు. తన దగ్గర ఉన్నదాంట్లో సరిగ్గా సగం ఒక్కడి మీద పెట్టాడు. మా ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. పెద్దోడు చదువుతడు, చదివి ఇంటిని లేపుతడు. నేను జెండా పాట పాడిన రాశిని.

1998లో తమ్ముడు వరంగల్ జిల్లా జూనియర్ కబడ్డీ జట్టుకు ఎంపికయ్యాడు. అప్పుడు వాడికి పదిహేడేళ్లు. రాష్ట్ర పోటీలకు పోవాలి. బూట్లు కావాలి, చార్జీలు కావాలి, అంతకంటే ముఖ్యంగా ముందు పది రోజుల క్యాంపుకు పోవాలి. పత్తి ఏరే రోజులు. అదే నెలలో పరీక్ష ఫీజుకు, ఇంకా ఏవో పుస్తకాలకు ఎనిమిది వందలు పంపమని నేను ఇంటికి కార్డు రాశాను. బాపు తమ్ముడితో "అన్న పరీచ్చలయ్యేదాక ఆగు బిడ్డా" అన్నాడట. పోటీలు ఆగవు గదా. జట్టు వెళ్లింది. ఎడమ మూలన ఎవరు నిలబడ్డారో నాకు తెలియదు.

వాడు పెద్ద ఆటగాడయ్యేవాడని చెప్పను. అప్పుడు ఈ లీగులు లేవు, వేలాలు లేవు. కబడ్డీ బాగా ఆడితే మహా అయితే రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. అది కూడా నూటికి ఒకరికి. కానీ ఆ నూటికి ఒకరి లెక్కలో నేను చదువులో ఎక్కడున్నానో నాకు తెలుసు. ఎమ్మే అయ్యాక రెండేళ్లు ఏ పనీ దొరకలేదు. హైదరాబాద్‌లో గదిలో కూర్చుని నోటిఫికేషన్ల కోసం పేపర్లు తిరగేశాను. సచ్చి బయట కూర్చోవడం అంటే అదే. ఆ రెండేళ్లలోనే తమ్ముడు లారీ మీద క్లీనర్‌గా ఎక్కాడు, తర్వాత స్టీరింగ్ పట్టాడు, భూపాలపల్లి చేరాడు. నెలకోసారి మనియార్డర్ వచ్చేది. మూడు వందలు, ఒక్కో నెల అయిదు వందలు. కూపన్ మీద రాసే చోట ఏమీ ఉండేది కాదు. ఒక్కసారి మాత్రం "బుక్కులు కొనుక్కో" అని ఉంది.

తర్వాత కాంట్రాక్టు లెక్చరర్‌నయ్యాను. అవి పేరుకు ఉద్యోగాలు. జీతం నెలల తరబడి ఆగినప్పుడు మళ్లీ వాడే. 2023లో కాంట్రాక్టు లెక్చరర్లను పర్మినెంట్ చేసినప్పుడు నాకు నలభై ఏడేళ్లు. ఆ రోజు మిఠాయి డబ్బాతో భూపాలపల్లి పోతే, వాడు డ్యూటీలో ఉన్నాడు. గని గేటు దగ్గర రెండు గంటలు కూర్చున్నాను. మట్టి కొట్టుకుని వచ్చి, చెయ్యి కడుక్కోకుండానే ఒక లడ్డు నోట్లో వేసుకుని "బతికినవు పో" అన్నాడు.

అప్పుడు నాకది మామూలు దీవెనలాగే వినిపించింది. రెండేళ్లు గడిచి, వేలం రాత్రి ఫోన్ పెట్టేశాక, వాడు ఏ ఆట భాషలో ఆ మాట అన్నాడో అర్థమైంది.

*

పవన్ లేని సీజన్ ఆగస్టు 29న విశాఖలో మొదలైంది. మొదటి మ్యాచే పవన్ ఉన్న తలైవాస్‌తో. 35–38తో ఓడాం. "చూసినవా" అని మెసేజ్ పెట్టాను. "ఆగు" అని జవాబు.

ఆగాను. విజయ్ మలిక్ కెప్టెన్, భరత్ హుడా కూతకు, కుడి మూలన శుభం షిండే. మెల్లమెల్లగా జట్టు కుదురుకుంది. 18 మ్యాచుల్లో పది గెలిచి నాలుగో స్థానం. 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు వచ్చారు. బెంగళూరు బుల్స్‌ను దాటారు, పట్నా పైరేట్స్‌ను దాటారు. ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే ఫైనల్. పుణెరి పల్టన్‌తో, ఢిల్లీలో, అక్టోబరు 29 రాత్రి.

ఆ రాత్రి మా జిల్లావాళ్లు మరిచిపోరు. మొంథా తుపాను తీరం దాటి వచ్చి మా మీద కుమ్మరించింది. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు మునిగి రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. వరంగల్, హనుమకొండ కాలనీల్లో నడుంలోతు నీళ్లు. మా వీధిలో కరెంటు పోయింది, ఫోన్‌లో నెట్ లేదు. మామూలు కాల్ మాత్రం అప్పుడప్పుడు కలుస్తోంది. భూపాలపల్లిలో గనిలోకి నీళ్లు వచ్చి టిప్పర్లు ఆగాయి, వాడు ఇంట్లో ఉన్నాడు, అక్కడ టీవీ నడుస్తోంది.

"చెప్పనా?" అన్నాడు.

చీకట్లో మంచం మీద కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, ఆ మ్యాచ్ మా తమ్ముడి కళ్లతో చూశాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి. టీవీ కామెంటరీలో రైడర్ పేరు ముందు వస్తుంది. వాడు రైడర్ పేరే ఎత్తడు. "కుడి మూలోడు ఒక అడుగు ముందుకొచ్చిండు... కవరోడు తొందరపడుతుండు, ఆగాలె, ఆగాలె... చెయ్యి వట్టుకున్నరు ఇద్దరు, గొలుసు తెగనియ్యద్దు... ఇగ దుంకుతడు సూడు..." నాకు ఆట మొత్తం కొత్తగా వినిపించింది. ఏడుగురు నిలబడిన తీరు, ఒకడు కదిలితే పక్కవాడు ఎంత జరగాలో, ఎవడు ఎవడి వెనకాల ఖాళీని మూస్తున్నాడో. భరత్ పాయింట్లు తెచ్చాడని వాడు చెప్పేది కూడా ఇలా: "భరత్ సచ్చిండు... ఆగు... వట్టిండ్రు! బతికిండు."

45–50తో ఓడిపోయాం. అయిదు పాయింట్లు. లైను తెగిపోయింది. మళ్లీ కలిసేసరికి అర్ధరాత్రి దాటింది.

"ఇంట్లకు నీళ్లొచ్చినయా?" అని అడిగాడు. మ్యాచ్ మాట ఎత్తలేదు.

*

బాపు 2021లో పోయాడు. మిగిలిన ఎకరంన్నర అమ్మ పేరు మీద ఉంది. అరవై గుంటలు. అమ్మ బతికుండగానే చెరి ముప్పై గుంటలు రాయించాలని అనుకున్నాం. అనుకున్నది నేనే. వాడు సరే అన్నాడు. చెరి సగం అంటే ఎవరికీ తప్పు అనిపించదు, నాకూ అనిపించలేదు. నా సగం 1997లోనే తిన్నానన్న లెక్క, ఎకనామిక్స్ చెప్పే నాకు, ఇరవై ఎనిమిదేళ్లు తట్టలేదు.

తుపాను వెలిసిన వారానికి ఇంట్లో చెప్పాను. నా భార్య వెంటనే ఏమీ అనలేదు. బియ్యం ఏరుతూ, "మనకు ఒక బిడ్డ ఉన్నది. దానికి చెప్పి చెయ్యి" అంది. మాట న్యాయమే. హైదరాబాద్‌లో చదువుతున్న అమ్మాయికి ఫోన్ చేసి మొదటినుంచీ చెప్పాను. భూమి గురించి ఏమన్నా అంటుందేమోనని చూశాను. అది అడిగింది ఒకటే: "చిన్నాన్న కబడ్డీ ఆడెటోడా?"

పన్నెండేళ్లుగా మా ఇంట్లో టీవీ ముందు ఆ ఆట గురించి అన్నదమ్ములం ఫోన్‌లో కొట్లాడుకోవడం వింటూ పెరిగిన పిల్ల. దానికి తెలియదు. నేను ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న సంక్రాంతికి అందరం ఊరికి పోయాం. భోగి రోజు మధ్యాహ్నం, సకినాలు పోసి అలిసిపోయి అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడే అన్నాను. "అమ్మా, ఆ అరవై గుంటలు తమ్మునికే రాయి."

అమ్మ నా ముఖం చూసింది, వాడి ముఖం చూసింది. వాడు నోట్లో ఉన్న సకినం నమలడం ఆపాడు.

"నీ పానం మంచిగున్నదా?" అన్నాడు.

"మంచిగనే ఉన్నది. నా పాలు ఎప్పుడో ముట్టింది."

"ఇప్పుడెందుకే అన్నా గవన్నీ."

"ఇప్పుడే తెలిసింది."

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. బయట పిల్లలు గాలిపటం కోసం అరుస్తున్నారు. వాడు అవునని అనలేదు, కాదని అనలేదు. ఇప్పటికీ అనలేదు. కాగితాలు అలాగే ఉన్నాయి. అమ్మ మాత్రం ఆ రోజు సాయంత్రం వాడి మోకాలు చూస్తూ, "ఆ మచ్చలు ఇంక పోలేదారా" అంది.

రాత్రి నేను నా సంచిలోంచి నల్ల అట్ట నోట్‌బుక్ తీసి వాడి ముందు పెట్టాను. వచ్చే సీజన్ పేజీ ఖాళీగా ఉంది. "ఈసారి ముందు నువ్వు రాయి" అన్నాను. వాడు పెన్ను తీసుకుని, టిప్పర్ స్టీరింగ్ మీద బిగిసిపోయిన వేళ్లతో మెల్లగా గీతలు కొట్టాడు. మొదటి వరుసలో పేరు రాయలేదు. "ఎడమ కార్నర్" అని రాశాడు. పక్క గడిలో ధర: ఒక కోటీ ఇరవై లక్షలు.

"అంత ఎవడు పెడ్తడురా కార్నర్‌కు?" అన్నాను, అలవాటు కొద్దీ.

"రాసుకునుడే గద అన్నా" అన్నాడు.